కార్బన్ ఆరో చుక్క

గోదావరిఖని హైస్కూల్లో రసాయనశాస్త్రం పీరియడ్ మొదలయ్యే ముందు కిటికీలు మూసేవారు. ఉమామహేశ్వర్ సారు బోర్డు మీద పరమాణువు గీస్తే, దాని చుట్టూ పెట్టిన సుద్దచుక్కలు తిరగడం మొదలుపెట్టేవి. కిటికీ తెరిచి ఉంటే పక్క తరగతిలోకి పోయి సాంఘికశాస్త్రం పాఠం చెడగొడతాయని హెడ్మాస్టరు గోల. అంతకు మించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. పండితులకు పేరుపడ్డ మంథని నుంచి వచ్చిన సారు కదా, చెయ్యి మంచిదని సరిపెట్టుకున్నారు.

పదో తరగతి అనసూర్యకు మాత్రం ఆ పీరియడ్ అంటే ప్రాణం. మొన్న సోడియం తన చివరి చుక్కను క్లోరిన్‌కు ఇచ్చేసి అయానుగా మారినప్పుడు ఆ పిల్ల బెంచీ ఎక్కి మరీ చూసింది. ఇంటికి ఉరికి, ఉప్పు ఎట్లా పుడుతుందో తల్లి లింగవ్వకు ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"పుట్టుడు సంగతి తర్వాత, ముందుగాల కూరల ఎయ్యి" అంది లింగవ్వ.

ఆ రోజు ఐసోటోపుల పాఠం. సారు రెండు కార్బన్లు గీశారు. రెండింటి చుట్టూ ఆరేసి చుక్కలే, కానీ రెండోదాని కడుపులో రెండు న్యూట్రాన్లు ఎక్కువ.

"పేరు ఒక్కటే, గుణం ఒక్కటే, బరువే ఎక్కువ. ఇది కార్బన్ పద్నాలుగు" అన్నారు.

ఆయన మాట పూర్తి కాకముందే దాని చుక్కలు బోర్డు దిగి వచ్చేశాయి. ఒకటి అనసూర్య జడ మీద, ఒకటి పక్కన కూర్చున్న పూలమ్మ చేతి మీద, ఇంకోటి కిటికీ సందులోంచి లోపలికి దూరిన వేపరెమ్మ మీద వాలాయి. ఒక్కోదాని మీద ఒక్కటే. సారు బల్ల మీద ఉన్న బొగ్గుపెళ్లను మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

"బొగ్గు గుడ కార్బనే గద సార్, దాని మీదెందుకు వాలవు?" అనసూర్య లేచి అడిగింది.

"బతికున్న ప్రతిదాంట్ల ఈ పద్నాలుగు కొంచెం ఉంటది. చచ్చినంక మెల్లమెల్లగ తరిగిపోతది. బొగ్గంటె కోట్ల ఏండ్ల కింద చచ్చిన చెట్టు. దాంట్ల ఏం మిగల్లేదు."

"మా బాపు డ్యూటీ దిగి వస్తె నెత్తి నుంచి కాళ్ల దాక బొగ్గే సార్. ఆయన మీద వాలుతయా?"

తరగతంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. "లోపల మనిషే గద బిడ్డా. వాలుతయి."

ఆ పిల్లకు సంతోషం పట్టలేక కూర్చోబుద్ధి కాలేదు. సరిగ్గా అప్పుడే షిఫ్టు వేళ కాని వేళ గని సైరన్ మోగింది. ఆ ఊళ్లో దానికి అర్థం చెప్పనవసరం లేదు. సారు, పిల్లలు అందరూ గని వైపు పరుగెత్తారు.

గని మూతి దగ్గర లింగవ్వ నేల మీద కూలబడి ఉంది. పార పట్టుకుని నిలబడ్డ ఎల్లన్న అనసూర్యను చూడగానే తల దించుకున్నాడు. ఆమె తండ్రి మొగిలికి అతను సొంత తమ్ముడు.

"పైకప్పు కూలిందమ్మా. సద్ది తినేకాడ చప్పుడైతె అందరు ఉరికొచ్చిండ్రు, మీ బాపు ఒక్కడే రాలే. ఆడనే తవ్వుతున్నం, ఏం దొరుకుత లేదు. లోపల గాలి ఎంతసేపు ఉంటదో తెల్వది."

అనసూర్య సారు వైపు తిరిగింది. "సార్, పద్నాలుగు గియ్యుండ్రి."

సారు జేబులోంచి సుద్దముక్క తీసి ఎల్లన్న పార మీదే గీశారు. ఆరు చుక్కలూ కుదురుగా వచ్చాయి.

"కాకా, మనిషికొక్కటే వాలుతది. మీరు ఐదుగురే పోండ్రి, మిగిలినోళ్లను పైకి తోలుండ్రి. ఆరోది బాపుది."

ఎల్లన్న నలుగురిని ఎంచుకుని పార ఎత్తుకున్నాడు. వాళ్లు దిగిపోయాక, గనిలో ఎలుకలు కూడా ఉంటాయని అనసూర్యకు గుర్తొచ్చింది. ఆరోది వాటి మీద వాలితేనో అన్న భయం తనలోనే దాచుకుంది.

కింద ఐదు చుక్కలు ఐదుగురి భుజాల మీద వాలాయి. ఆరోది కాసేపు ఊగిసలాడింది. అందరూ తవ్వుతున్న కుప్ప వైపు పోలేదు. వెనక్కి తిరిగి, అవతలి సందును మూసేసిన బొగ్గు గోడలోకి దూరి మాయమైంది. ఎల్లన్న గోడకు చెవి ఆనించాడు. మొదట ఏమీ లేదు. ఆ తర్వాత లోపల్నుంచి టక్, టక్ అని వినిపించింది.

సాయంత్రానికి మొగిలిని మంచం మీద పైకి తెచ్చారు. ఒక కాలు విరిగింది. సద్దిగిన్నె మాత్రం చేతిలోనే ఉంది.

"అందరితోని కూసోక గా సందులకెందుకు పోయినవు?" అని లింగవ్వ ఏడుస్తూనే తిట్టింది.

"నువ్వు ఎండుచేపలు కడితివి. గట్టయ్య చెయ్యి పెడితె ముక్క మిగుల్తదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, వాళ్లలో ఉన్న తోటి కార్మికుడు గట్టయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. అనసూర్య తండ్రి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. నల్లటి ఆ చేతి మీద తెల్లచుక్క కదలకుండా కూర్చుని ఉంది.

"లైటు ఆరిపోయింది బిడ్డా. కాలు తెల్వలే, ఏం తెల్వలే. సచ్చిన్ననే అనుకొని ఊకున్న" అన్నాడు మొగిలి. "గిది గోడల నుంచి వచ్చి చేతి మీద కూసున్నది. చల్లగ తగిలింది. సచ్చినోనికి తగలది గదా అనుకొని, రాయి తీసుకొని కొట్టుడు షురూ జేసిన."