అమ్మ మెట్టిన దారి

తొంభై తొమ్మిది తుపానుకు కూలిన జీడిచెట్ల స్థానంలో కొత్త మొక్కలు నాటించి, మా తమ్ముడు సూర్యారావు తోట చుట్టూ ముళ్ళకంప వేయించాడు. సముద్రపుటొడ్డు నుంచి రోడ్డుకు చేపలవాళ్ళు తరతరాలుగా నడిచిన బాట మూసుకుపోయింది. నెత్తిన గంపతో మోహిని తోట చుట్టి వచ్చేసరికి టెక్కలి బస్సు దాటిపోయేది; చేప ఎండకు మెత్తబడేది. భర్తను సముద్రం తీసుకుపోయిన ఆమెకూ, పిల్లలకూ ఆ గంపే ఆధారం.

"నా తోటలో వాళ్ళను అడుగు మెట్టనివ్వనక్కా," అన్నాడు తమ్ముడు.

'మెట్టడం' మా నాయనమ్మ కాలపు మాట. కొత్త కోడలు ఇల్లు మెట్టిందనేవారు. బలిసినవాడు పేదవాడి తల మెట్టాడనీ అనేవారు.

"నేలను మెట్టు, మనుషులను మెట్టకు," అన్నాను. వినలేదు.

ఆ వేసవిలో గంగమ్మ పండగ వచ్చింది. సర్పంచి పదవికి నిలబడదలచిన సూర్యారావు, తొలి పసుపునీళ్ళు తన ఇంటివే కావాలని, అమ్మవారి ఘటాన్ని తోటలోని మేడకు పిలిచాడు. ఆ ఏడు ఘటం ఎత్తే వంతు మోహినిది. డప్పులతో వచ్చి కంప ముందు ఆగిపోయింది.

"పక్కన సందుంది, రా," అన్నాడు తమ్ముడు.

"నాను దూరతాను బాబూ, అమ్మ దూరదు గదా! కంప తీయించండి."

"కాస్త తీస్తే చాలదా?"

"అమ్మ ఎనకాల ఊరంతా వత్తంది."

"ఓట్లు కూడా ఎనకాలే వత్తన్నాయి బాబూ!" అని గుంపులోంచి కేక. అందరూ నవ్వారు.

కూలీలు కంప లాగేశారు. పాతబాట మీదుగానే మోహిని మేడకు చేరింది. మరదలు సుభద్ర ఆమె పాదాలపై పసుపునీళ్ళు పోసి మొక్కింది. ఘటం వచ్చిన దారిన మరలదు గనుక రోడ్డువైపు కంపనూ తీయక తప్పలేదు.

ఘటం దాటగానే, "మళ్ళీ కట్టేయండ్రా," అన్నాడు తమ్ముడు. ఒక్కడూ వంగలేదు.

"అమ్మ మెట్టిన దారికి ముల్లెయ్యకూడదు బాబూ. మీ అయ్య నీకు సెప్పనేదేటి?" అంది ముసలి లక్ష్మమ్మ.

ఆ కట్టుబాటు తమ్ముడు మరిచాడు. నేను మరవలేదు, అడిగి ఉంటే చెప్పేదాన్నే.

"ఆ కంప ముట్టుకున్నారంటే నేనూరుకోను," అంది సుభద్ర భర్తతో, ఊరంతా వినేలా.

మర్నాడు పొద్దు పొడవగానే బాట నిండా గంపలు. అందరికంటే ముందు మోహిని. మేడ అరుగు మీద తమ్ముణ్ణి చూసి నిలబడింది.

"బాబూ, కోనాం చేప. ఇంకా మెత్తబడనేదు. తీసుకుంటారేటి?"

తమ్ముడు అటూ ఇటూ చూసి, గిన్నె తెమ్మని సుభద్రను కేకవేశాడు. బేరమాడే ధైర్యం మాత్రం చేయలేదు.