ఎంటర్ నొక్కిన నలభై మూడుసార్లు

ఇలా దగ్గరకు జరుగు తల్లీ, ఆ ఫోను పక్కన పెట్టు. మా చిన్నకోడలు, అదే మీ పిన్ని, సంగతి చెబుతాను.

ఆ రోజు ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "నా నీలం చొక్కా ఎక్కడుంది?" అన్నాడు భర్త. "రెండో అర, ఎడమవైపు" అంది తలెత్తకుండానే. "నువ్వున్నావన్న ధీమాతో నేనేదీ గుర్తుపెట్టుకోనోయ్" అని ముద్దుగా నవ్వాడు. మంచివాడే. నా కడుపున పుట్టినవాడే. ఆ అలవాటు చేసిందీ నేనే.

ఆఫీసులోనూ అదే వరస. ఎవరు కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టాలన్నా ముందు ఫోల్డర్లు చేయాలి, సెట్టింగులు రాయాలి, పరీక్షించే ఫైళ్లు పెట్టాలి. పందిరికి గుంజలు పాతడం లాంటి పని. "నీ చెయ్యి పడితే పొందిగ్గా ఉంటుంది" అంటూ అందరూ ఆమె మీదికే తోసేవారు. విసిగి, ఆ పనులన్నీ తనంతట తానే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం, ఒక పనిముట్టులాంటిది, రాసింది. కంప్యూటర్లో నల్లతెర మీద ఒక్క వరుస కొడితే, నాలుగు ప్రశ్నలడిగి, మొత్తం కట్టుబడిని క్షణంలో లేపి నిలబెడుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె ఆశల్లా ఒక్కటే, ఆసుపత్రుల కోసం రాబోయే కొత్త ప్రాజెక్టు తన చేతికి రావాలని. తీరా పనులు పంచేరోజున టీం లీడరు, "నీకు తీరికెక్కడమ్మా, నలభై మూడు ప్రాజెక్టులు చూసుకుంటుంటే!" అన్నాడు.

నలభై మూడా? వెళ్లి చూసింది. పనిముట్టు అడిగే చివరి ప్రశ్న, "దీన్ని చూసుకునేదెవరు?" రాసేటప్పుడు సరిచూసుకోవడానికి అక్కడ తన పేరు పెట్టి, తీయడం మరచిపోయింది. ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే ఆ పేరే పడుతుంది. అందరూ ఎంటరే నొక్కారు. ఎక్కడేం చెడినా కబురు తనకే ఎందుకొస్తోందో అప్పుడర్థమైంది. కోపం రాలేదట, నవ్వొచ్చిందట. ఒక్కరికైనా వింతగా తోచలేదే! తనకు మాత్రం తోచిందా? పిలిచిన ప్రతిసారీ వెళ్లి సర్దిందిగా. కాపురానికొచ్చిన కొత్తలో నేనన్న మాట గుర్తొచ్చిందట: "ఈ పిల్లకి చెబితే ఇక మనం మరచిపోవచ్చు." మెచ్చుకుంటున్నాననే అనుకున్నానమ్మా నేను.

నలభై మూడింటినీ మొదలుపెట్టినవాళ్లకే తిప్పి పంపింది. పనిముట్టులోంచి తన పేరు చెరిపేసింది.

మర్నాడు లీడరే ఆసుపత్రుల పనికి గుంజలు పాతబోయాడు. ఎంటర్, మళ్లీ ఎంటర్. తెర కదలదే!

"ఏమ్మా, నీ పనిముట్టు ఆగిపోయింది!"

"ఆగలేదండీ. చూసుకునేదెవరో మీరు చెప్పేదాకా ఎదురుచూస్తోంది" అంది, కుర్చీలోంచి లేవకుండా. "నా పేరు రాస్తే రాయండి. కానీ ఈ ఒక్కదానికే."

తల గోక్కుని, ఆమె పేరే కొట్టాడట. అలా ఆసుపత్రుల పని ఆమె చేతికే వచ్చింది.

ఇది గుర్తుంచుకో తల్లీ. రేపు నీకు పిల్లలు పుడితే చెప్పు. కూతురికే కాదు, కొడుకుని కూడా కూర్చోబెట్టి చెప్పు.