మంచం తాలూకు మనిషి

లమారాకు పేరు పోయి పద్నాలుగేళ్లయింది. గ్రీసు దేశంలోని థెస్సలొనీకిలో ఆమె మొదట పనికి కుదిరిన ఇంటి ముసలాయన, "నీ పేరు నాకు నోరు తిరగదు, మరియా అంటాను," అన్నాడు. ఆయన పోయాడు, ఇల్లు మారింది, తర్వాతి ఇంటివాళ్లూ మరియా అనే అన్నారు. నల్లసముద్రానికి అవతల జార్జియా నుంచి ముసలివాళ్లను చూసుకునే పనికి వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఇక్కడ అదే పేరు. వీధిలో నిలబడి పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. లమారా అన్న అసలు పేరు పాస్‌పోర్టులోనూ, ఇప్పుడు ఆసుపత్రి మంచానికి తగిలించిన అట్టమీదా మాత్రమే ఉంది.

అంథూలాగారి వంటింట్లో చిక్కుడుగింజల సూపు కలుపుతూ లమారా నెత్తురు కక్కుకుంది. అంథూలాగారి అత్తగారిని చూసుకోవడం ఆమె పని. అంథూలాగారు మంచి మనిషే, అంబులెన్సు పిలిచి తనూ ఎక్కింది. ఊళ్లో పెద్దాసుపత్రులు అత్యవసర కేసులను వంతులవారీగా తీసుకుంటాయి. ఆ రోజు వంతు వచ్చిన ఆసుపత్రిలో మంచాలు నిండిపోయి, నడవా పొడుగునా మడతమంచాలు పరిచారు. లమారా కూడా ఒకదాని మీద పడుకుని, పక్కనుంచి పోయే జనం మోకాళ్లను చూస్తూ ఉండిపోయింది. తర్వాత వార్డులోకి మార్చారు. గొంతులోంచి గొట్టం దించి చూశారు, లోపలి ముక్క తీసి పరీక్షకు పంపారు, నెత్తురు ఎక్కించారు. తమ దేశపు మనిషినైతే ఎలా చూసేవారో అలాగే చూశారు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

జబ్బేమిటో మాత్రం చెప్పలేదు.

అది ఇక్కడి పద్ధతి. చెడ్డ జబ్బయితే రోగికి చెప్పరు, రోగి తాలూకు మనిషికి చెప్తారు. ఆ మనిషిని నడవా చివర కిటికీ దగ్గరికి తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్తారు. ఆ మనిషి కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చి, "ఏం లేదు, కడుపులో కాస్త పుండు పడిందట," అంటుంది. రోగి నమ్మినట్టే కనపడుతుంది. జార్జియాలోనూ ఇంతే కాబట్టి లమారాకు ఇందులో వింతేమీ లేదు. ఇన్నేళ్లలో తనే ఎన్నిసార్లో అలాంటి కిటికీల దగ్గర నిలబడింది. పిల్లలు ఏథెన్సులోనో జర్మనీలోనో ఉంటే డాక్టర్లు మంచం పక్కనున్న మరియాకే చెప్పేవారు. ఆమె తలూపి, లోపలికి వచ్చి, దిండు సర్దుతూ నవ్వు ముఖంతో అబద్ధం చెప్పేది. పుణ్యమే చేస్తున్నాననుకునేది కూడా.

ఇప్పుడు మంచం మీద తనే ఉంది. తన తాలూకు మనిషి ఎవరూ లేరు.

పెద్ద డాక్టరు రోజూ పొద్దున చిన్న డాక్టర్ల గుంపుతో వచ్చేవాడు. "మీవాళ్లెవరైనా వచ్చారా?"

"నాకిక్కడ ఎవరూ లేరండీ. ఏదున్నా నాకే చెప్పండి."

"చూద్దాం, చూద్దాం. మీరు బాగా తినాలి," అని పాదం మీద తట్టి పక్క మంచానికి వెళ్లిపోయేవాడు. అంథూలాగారిని అడిగితే, "నాకేం చెప్పలేదు మరియా, నేను రక్తసంబంధం కాదుగా," అంటూ సంచీలోంచి నారింజరసం తీయడంలో మునిగిపోయింది. ఆ సంచీలో అంతసేపు వెతకాల్సినదేమీ లేదు.

తెలుసుకోకపోతే కొంప మునిగేదేముందని మీరనవచ్చు. మునుగుతుంది. లమారా ఉండటానికి ఇచ్చిన కాగితాల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఒకసారి దేశం దాటితే మళ్లీ రానివ్వరు. అందుకే ఇన్నేళ్లూ ఇంటి ముఖం చూడలేదు, చిన్నపిల్లగా వదిలి వచ్చిన కూతురు తామ్తా పెళ్లి కూడా ఫోనులోనే చూసింది. చిన్న జబ్బయితే కదలకూడదు, జార్జియాలో, జెస్తపోని ఊళ్లో కూతురి ఇల్లు ఈమె సంపాదన మీదే నడుస్తోంది. పెద్ద జబ్బయితే ఆలస్యం చేయకూడదు. ఆలస్యం చేసినవాళ్లను ఆమె చూసింది. ఆదివారం చర్చి ముందు జార్జియా ఆడవాళ్లు డబ్బా పట్టుకుని తిరుగుతారు, శవపేటిక ఇంటికి పంపడానికి చందా వసూలు. తన కాళ్ల మీద తను వెళ్లాలా, ఆ పెట్టెలో వెళ్లాలా అన్నదే ఇప్పుడు తేలాలి. డాక్టర్లు నోట్లో దాచుకున్న ఆ ఒక్క మాట బయటికి వస్తే గాని అది తేలదు.

భయమేసిందా అంటే, లేదు. ఏమీ అనిపించలేదు. లోపల ఎవరో దీపాలార్పేసి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయినట్టుంది. సూపు తెస్తే తాగింది. గిన్నె కోసం వస్తే ఇచ్చేసింది.

పక్క మంచంలో క్లియోనికి అని సేరెస్ వైపు పల్లెటూరావిడ ఉంది. ఎనభై దాటాయి, నోటికి మాత్రం వయసు రాలేదు. కూతురు వచ్చేది మధ్యాహ్నం దాటాకే. అంతస్తు మొత్తానికి ఒక్క నర్సు, పాపం ఆ పిల్ల పరుగులు తీస్తూనే ఉంటుంది. మిగతా మంచాల దగ్గర కూతుళ్లో కోడళ్లో కూలికి పెట్టుకున్న మరియాలో ఉన్నారు కాబట్టి గడిచిపోతోంది. క్లియోనికికి లమారా దొరికింది.

"ఒసేయ్ మరియా, ఇది దిండా, సిమెంటు బస్తానా?"

"ఉండండి, తిప్పి పెడతాను."

"నువ్వూ పేషెంటువే కదే, పడుకోరాదూ?"

"మీరు పడుకోనిస్తేగా!"

"అయితే ఎలాగూ లేచావు, ఆ నీళ్లు ఇటివ్వు. కాళ్లు కూడా కాస్త పట్టు. నా కూతురు పడుతుంది చూడూ, గొర్రెకు బొచ్చు తీసినట్టే ఉంటుంది."

లమారా కాళ్లు పట్టేది. పనిలో ఉంటే పొద్దు తొందరగా గడిచేది.

ఒక రోజు సెలైను తీసేశారు. అంథూలాగారు తెచ్చిన బట్టల్లో రాత్రి గౌను లేదు, ఇంట్లో పనికి తొడుక్కునే నీలం గళ్ల కోటు ఉంది. ఆవిడకు ఈమె ఒంటిమీద కనపడేది అదే మరి. లమారా అదే తొడుక్కుంది. సూది గుచ్చిన చోటు పొడుగు చేతుల కింద దాగిపోయింది. చేతులు ఊరుకోక తన మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి, క్లియోనికి దిండు గలీబు మారుస్తుండగా ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఈ వార్డుకు అదే ఆమె మొదటి రోజు. ఖాళీ మంచం దగ్గర ఆగి అట్ట మీద పేరు చదువుకుంది.

"ఈవిడ ఎక్కడ?"

నేనే అనడానికి లమారా నోరు తెరిచింది. ఈలోగా క్లియోనికి కేకేసింది. "మరియా! ఆ గ్లాసు అందుకోవే, గొంతు పిడచకట్టుకుపోతోంది."

డాక్టరమ్మ ఇటు తిరిగింది. గళ్ల కోటు చూసింది, చేతిలో గలీబు చూసింది. "ఓ, నువ్వు చూసుకుంటున్నావా? ఒక్క నిమిషం బయటికి రా మరియా. ఈ మంచం ఆవిడ గురించి చెప్పాలి."

లమారా నోరు మూసుకుంది. క్లియోనికికి గ్లాసు అందించి, ఆమె వెనకే నడిచింది.

కిటికీలోంచి కింద కార్లు, గేటు దగ్గర నువ్వుల రొట్టెలు అమ్మేవాడు కనపడుతున్నారు. డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఆవిడ ఎక్కడికెళ్లింది?"

"స్నానాలగదికి."

"సరే, రాకముందే చెప్పేస్తాను. ఆవిడకి ఎవరూ లేరని మా పెద్దాయన ఎవరితోనూ మాట్లాడలేదట. నువ్వు ఆవిడకేమవుతావు?"

"ఒకే ఊరు మాది."

"బాగా తెలుసా?"

"చిన్నప్పటి నుంచీ."

"కడుపులో క్యాన్సరు. కాలేయానికి కూడా పాకింది. ఆపరేషను చేసి లాభం లేదు. మందులు ఎక్కిస్తే కొంచెం సాగుతుంది, అంతే."

లమారా తలూపింది. ఇలాంటప్పుడు ఎలా తలూపాలో ఆమె మెడకు తెలుసు. "ఎన్నాళ్లు?"

"చెప్పలేం. ద్రాక్షలు కోసేదాకా ఉండొచ్చు. క్రిస్మసు దాకా అయితే... నేను చెప్పలేను."

అప్పుడే ఎండాకాలం మొదలై చెర్రీలు వచ్చాయి, ద్రాక్షలు కోసేది ఎండలు తగ్గాక. లమారా మనసులో నెలలు లెక్కపెట్టబోయి మానేసింది. అడగాల్సింది వేరే ఉంది. "విమానం ఎక్కగలదా?"

"ఇప్పుడైతే ఎక్కగలదు. ఓపిక ఉంది, నడుస్తోంది కదా. ఇంకో నెల పోతే మాత్రం నేను ఎక్కించను. ఎవరైనా ఉన్నారా అక్కడ?"

"కూతురుంది."

"అయితే తొందరగా పంపించండి. కానీ మరియా, ఆవిడకి మాత్రం చెప్పకు. పుండు అని చెప్పు. ఇంటి మీద బెంగ పెట్టుకుంది, వెళ్లిరానీ అని చెప్పు. తెలిస్తే కుంగిపోతుంది."

"చెప్పనండీ."

"నొప్పికి బిళ్లలు రాసిస్తాను, ఆవిడ చేత వేయించాలి." డాక్టరమ్మ ఆమె చేయి పట్టుకుంది. "నీకు ఆవిడంటే బాగా ఇష్టమనుకుంటాను."

లమారాను ఎవరూ ఎప్పుడూ ఈ ప్రశ్న అడగలేదు. "అలవాటండీ," అంది.

వార్డులోకి వచ్చేసరికి క్లియోనికి గ్లాసు అలాగే పట్టుకుని ఉంది. "అంతా చెప్పిందా?"

"చెప్పింది."

"నిన్ను చూసుకునేదానివనుకుందా?"

"ఆఁ."

"నీ దుంప తెగ, నువ్వు ఊరుకున్నావు!" ముసలావిడ గ్లాసు పక్కన పెట్టి, కాళ్లు దుప్పటి కిందికి లాక్కుంది. "ఇవాళ నా కాళ్లు పట్టొద్దు. పడుకో," అంది. లమారా పడుకుంది. పైకప్పు వైపు చూస్తూ టిక్కెట్టు, సామాను, అంథూలాగారికి ఇంకో మనిషిని వెతికిపెట్టడం గురించి ఆలోచించింది. వేరే ఎవరి ప్రయాణానికో సర్దుతున్నట్టే ఉంది తప్ప తన కోసమనిపించలేదు.

మర్నాడు పొద్దున గుంపు వచ్చినప్పుడు ఆమె మంచం మీద కూర్చుని ఉంది. పెద్ద డాక్టరు నోరు తెరవకముందే, "నన్ను పంపించేయండి. మా ఊరు వెళ్తాను," అంది. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మంచిది, గాలి మారితే పుండు త్వరగా మానుతుందన్నాడు. వెనక నిలబడ్డ చిన్న డాక్టరమ్మ అట్టనూ మనిషినీ మార్చి మార్చి చూసింది. చెవుల దాకా ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. గుంపు కదిలినా ఆమె కదల్లేదు.

"మీరేనా? నిన్న ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే మీరు చెప్పేవారు కాదుగా."

డాక్టరమ్మ అక్కడే ఏడ్చేసింది. లమారా తన సంచీలోంచి శుభ్రమైన చేతిరుమాలు తీసి ఇచ్చింది. "ఊరుకోండమ్మా. ఇంతమందిలో మీరొక్కరే చెప్పారు." ఆ పిల్ల ముక్కు చీదుకుని, మీ అమ్మాయితో నేను మాట్లాడనా అంది. నేనే చెప్తానంది లమారా. అప్పటికి ఆమె నిజంగా చెప్పాలనే అనుకుంది. తన నుంచి దాచినట్టు కూతురి నుంచి దాచకూడదనుకుంది.

మెట్ల దగ్గరికి వెళ్లి ఫోను చేసింది.

"అమ్మా? ఈ వేళప్పుడేంటి, పనిలో లేవా?"

"లేను. తామ్తా, నేను వచ్చేస్తున్నానే."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, ఇంటికి. వచ్చే వారం."

తామ్తా పెట్టిన కేకకు ఫోను చెవి నుంచి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "ఒరేయ్ సాబా! అమ్మమ్మ వస్తోందిరా! ఇటు రా, మాట్లాడు, అమ్మమ్మ!" పిల్లవాడు ఫోను లాక్కుని, "నువ్వు ఫోన్లోంచి బయటికి వచ్చేస్తావా?" అన్నాడు. వస్తానంది. వాడు నమ్మక ఇంకోసారి అడిగాడు. మళ్లీ తామ్తా అందుకుంది, నవ్వుతోంది, ఆయాసపడుతోంది, వెనక గది నీకిస్తాను, గోడలకు రంగు వేయిస్తాను, పక్కింటివాళ్లకు చెప్పాలి అంటోంది.

"తామ్తా, నేనెందుకు వస్తున్నానంటే—"

"ఎందుకైతే నాకేంటమ్మా! మళ్లీ వెళ్లవుగా? అది చెప్పు ముందు."

"వెళ్లను."

"ఒట్టు?"

లమారా మెట్టు మీద కూర్చుంది. "ఒట్టు," అంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఇన్ని రోజులూ రానిదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది, నోటికి కోటు చేయి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అటు తామ్తాకు వినపడింది.

"పిచ్చి అమ్మా, ఇప్పుడేడుస్తావేంటి? ఏడ్చే రోజులన్నీ అయిపోయాయి, ఇంక మనం కలిసే ఉంటాం కదా!"

"అవునే," అంది లమారా.