గుప్పిట్లో తేటపడిన కొవ్వు

మా ల్యాబులో ఐసు డబ్బా లేకుండా ఎవరూ అడుగు తీసి అడుగు వెయ్యరు. ఆ పద్ధతి పెట్టింది మా సీనియర్ అక్క. ట్యూబు క్షణంసేపు బయట కనిపించినా ఒంటికాలి మీద లేస్తుంది. వెనకాల అందరం ఆమెను ఐసమ్మ అంటాం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆమె నన్ను అగ్గిపుల్ల అంటుంది, అదీ ముఖం మీదే.

ఆమె జాగ్రత్తకు కారణం లేకపోలేదు. కణం పొరలో ఇరుక్కుని ఉండే ఒక ప్రోటీన్‌ను ఏళ్ల తరబడి నానా తిప్పలూ పడి వేరు చేసింది. పొరలోంచి లాగేస్తే అది ముడుచుకుని పాడైపోతుంది. బాగుండగా చూడాలంటే పొరలాంటి చోటే ఇవ్వాలి. అందుకే నానోడిస్కులు. కొవ్వు అణువులు రెండు వరసలుగా పేర్చుకున్న బుల్లి బిళ్ల, అది చెదిరిపోకుండా చుట్టూ మరో ప్రోటీన్‌తో బెల్టు. మధ్యలో మన ప్రోటీన్ సొంతింట్లో ఉన్నట్టు కూర్చుంటుంది. ఈ బిళ్లలు కట్టడం నా పని. కొవ్వును సబ్బులో కరిగించి, బెల్టునూ ప్రోటీన్‌నూ కలిపి, సబ్బును పీల్చేసే తెల్లటి పూసలు వెయ్యాలి. సబ్బు పోయేకొద్దీ బిళ్లలు వాటంతటవే అల్లుకుంటాయి.

అల్లుకోవాలి మరి. నా చేతిలో మాత్రం ప్రతిసారీ ముద్దలే. బెల్టు పెంచాను, కొవ్వు తగ్గించాను, పూసలు మార్చాను. ఐసమ్మ దాచుకున్న ప్రోటీన్ ఖర్చయిపోతూ వచ్చి ఒక్క ట్యూబు మిగిలింది. అదీ ముద్దయితే ఈ పని ఇంతటితో ఆపేద్దామని ల్యాబు నడిపే మా సారు చెప్పేశారు. ఐసమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కష్టమంతా నా చేతుల మీదుగా మట్టిపాలవుతోందని నాకు తిండి సయించలేదు.

ఆ ఉదయం, ఇంకా ప్రోటీన్ కలపని ట్యూబును, అంటే ఒట్టి కొవ్వూ సబ్బూ ఉన్నదాన్ని, ఐసులోంచి తీసి వెలుతురులో చూస్తున్నాను. పాలలా తెల్లగా ఉంది. సరిగ్గా అప్పుడే సారు తలుపు దగ్గర నిలబడి, బల్ల ఎప్పుడు ఖాళీ చేస్తావని అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. ట్యూబును గుప్పిట్లో బిగించి, ప్రోటీన్ ఇంకా మిగిలి ఉండగానే బల్ల ఎలా అడుగుతారని ఎదురు తిరిగాను. మాటా మాటా పెరిగింది. ఆయన వెళ్లాక, ఈ దరిద్రాన్ని చెత్తబుట్టలో పడేద్దామని గుప్పిట విప్పాను.

ట్యూబు నీళ్లలా తేటగా ఉంది.

మళ్లీ ఐసులో పెట్టాను, తెల్లబడింది. గుప్పిట పట్టాను, తేటపడింది. అప్పటికి గాని నా బుర్ర వెలగలేదు. మా పాత పద్ధతి మెత్తటి కొవ్వుకు రాసుకున్నది. ఆ కొవ్వు ఐసులో కూడా గడ్డకట్టదు. మా ప్రోటీన్‌కు అది పడటం లేదని వేరే కొవ్వుకు మారాం. ఐసును మాత్రం వదల్లేదు. ఈ కొత్త కొవ్వు చలికి బిగుసుకుపోతుంటే బెల్టు దేని చుట్టూ చుట్టుకుంటుంది? ఇంతమందిమి ఉండి ఒక్కరికీ ఐసు మీద అనుమానం రాలేదు.

పరుగెత్తి ఐసమ్మకు చూపించాను. ఆమె కూడా గుప్పిట పట్టి చూసింది.

"వెచ్చగా ఉంచితే నా ప్రోటీన్ చెడిపోదా?"

"చెడిపోవచ్చక్కా. ఐసులో పెడితే మాత్రం ముద్దవడం ఖాయం. ఇవాళ తాడో పేడో తేల్చేద్దాం."

ఆమె ఫ్రీజరు తెరిచి ఆఖరి ట్యూబు తనే తెచ్చింది. నువ్వు కలుపు, నేను చూడలేనంటూనే రెప్ప వెయ్యకుండా చూసింది.

గోరువెచ్చటి నీళ్ల తొట్టెలో ఉంచి పూసలు వేశాం. పూసలు తమ పని ముగించాక, సైజును బట్టి వేరు చేసే మిషనులోకి ఎక్కించాం. అందులో ముద్దలు ముందే బయటికి వస్తాయి. తెర మీద అవి రావలసిన చోటు దాటినా గీత కదల్లేదు. కాసేపటికి ఒకే ఒక సన్నటి శిఖరం లేచింది. బిళ్లలు. ప్రోటీన్ బాగుంటేనే మెరిసే రంగు కలిపి చూశాం. మెరిసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. సారు వచ్చి తెర చూశారు. బల్ల ఊసు ఎత్తలేదు.

వెనక్కి తిరిగి చూస్తే ఐసమ్మ స్టూలు మీద కూర్చుని, రంగు కలపని బిళ్లల ట్యూబును గుప్పిట్లో మూసి పట్టుకుని ఉంది. ఐసు డబ్బా తెచ్చి పక్కన పెట్టాను.

"బిళ్లలు అల్లుకున్నాయి కదా, ఇక చలికి ముద్దవవు. ఐసులో పెట్టక్కా, లేకపోతే ప్రోటీన్ పాడైపోతుంది."

"ఉండవే, అగ్గిపుల్లా. ఇన్నేళ్లూ దీన్ని ఐసులోనే చూశాను. కాసేపు పట్టుకోనీ."