లిఫ్టు శబ్దాల పరీక్ష

ఆఫీసులో అందరూ ఆమెను జల్లెడమ్మ అనేవాళ్లు. ఆమె ఏమీ అనుకునేది కాదు, చేసేపని అదే మరి. వాళ్లది ఊరూరా లిఫ్టులు బిగించి, వాటి బాగోగులు చూసే పెద్ద కంపెనీ. ఉద్యోగాలకొచ్చే దరఖాస్తులను కంప్యూటరే చదివి, మార్కులు వేసి, పనికొచ్చేవాళ్లను ఇంటర్వ్యూకి పిలిచి, మిగతావాళ్లకు మర్యాదగా సారీ చెప్పే ఏర్పాటు మొత్తం ఆమే తయారుచేసింది. అకౌంటెంట్లు, అమ్మకాలవాళ్లు చకచకా దొరికారు. పైవాళ్లు భుజం తట్టారు.

ఓ ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యతో కలిసి ఇంటికొచ్చిన మావయ్య ఆ సంబరం కాస్తా దించేశాడు. ఆయన అదే కంపెనీలో ముప్ఫై ఏళ్లుగా లిఫ్టు మెకానిక్కు.

"ఆర్నెల్లయింది, ఒక్క మెకానిక్కూ చేరలేదు. నలుగురి పని ఇద్దరం లాక్కొస్తున్నాం. ఏమిటి కథ అమ్మడూ?"

"సరైన దరఖాస్తులు రావట్లేదు మావయ్యా."

"అయితే నాది వేసి చూడు."

సరదాకే అనుకుని లాప్‌టాప్ ఆయన ముందు పెట్టింది. 'మీ గురించి రెండు వందల మాటల్లో రాయండి' అన్నచోట ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, 'లిఫ్టులు బాగుచేస్తాను. ఇంతవరకు ఎవర్నీ లోపల వదిలేసి రాలేదు' అని రాసి ఊరుకున్నాడు. నూటికి పదకొండు మార్కులొచ్చాయి. టీ చల్లారకముందే ఆయన ఫోనుకి సారీ ఉత్తరం వచ్చింది.

"'మీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాం' అట. వచ్చే ఏడు రిటైరయ్యేవాణ్ణి, నాకేం భవిష్యత్తే?"

అత్తయ్య పడీపడీ నవ్వింది. జల్లెడమ్మకీ నవ్వొచ్చింది గానీ, ఆ ఉత్తరం రాసింది తనే కాబట్టి మధ్యలోనే ఆగిపోయింది.

మర్నాడు మావయ్య వెంట ఓ పదకొండంతస్తుల భవనం పైకెక్కింది. మోటారు గదిలో ఆయన గోడకి చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఏం వినబడుతోంది?"

"గరగరమంటోంది."

"గరగర కాదు, కిర్రు. బేరింగు ఎండిపోయింది. గరగరమంటే పళ్ల చక్రం అరిగినట్టు. మా పనిలో సగం చెవులతోనే."

మూడు వారాలు మెట్లెక్కీ దిగీ, మోకాళ్లు పట్టేసినా వదలకుండా, ఎనిమిది రకాల శబ్దాలు రికార్డు చేసుకొచ్చింది. మెకానిక్కుల దరఖాస్తులో ఆ రెండు వందల మాటల వ్యాసం తీసేసి వాటిని పెట్టింది. శబ్దం వినాలి, జబ్బేమిటో చెప్పాలి. అంతే.

"ఇదేమన్నా పాటల పోటీనా?" అన్నాడు మేనేజరు. కాస్త బతిమాలించుకుని, "సరే, ఒక నెల చూద్దాం" అన్నాడు.

మొదటి వారంలోనే ఒకామె ఎనిమిదికి ఎనిమిదీ చెప్పేసింది. అయినా కంప్యూటరు ఆమెను పక్కన పెట్టింది. లిఫ్టు పనిలో అనుభవం అన్న గడిలో సున్నా. పదిహేనేళ్లుగా ఓ మిల్లులో అల్లిక మిషన్లు బాగుచేస్తోందట. గుట్టుచప్పుడు కాకుండా అనుభవం ఉండాలన్న ఆ నిబంధన తీసేయడం క్షణం పని. జల్లెడమ్మ అలా చేయలేదు. కాగితాలు పట్టుకుని నేరుగా మేనేజరు దగ్గరికే వెళ్లింది, మావయ్యను కూడా వెంటేసుకుని.

"లిఫ్టు ముట్టుకోని మనిషికి లిఫ్టెలా అప్పజెప్తాం?" అన్నాడు మేనేజరు.

"నేనూ ముట్టుకోకుండానే చేరాను సార్" అన్నాడు మావయ్య. "నాలుగు నెలలు నా పక్కనుండనివ్వండి. ఒంటరిగా ఎప్పుడు పంపాలో నేను చెప్తాను."

ఇంటర్వ్యూకి పిలిచి ఆ మిల్లు ఆమెను అడిగారు, శబ్దాలన్నీ ఎలా చెప్పగలిగావని.

"మిల్లులో నలభై మిషన్లు ఒకేసారి తిరుగుతాయండీ. ఏది మొరాయిస్తోందో చెవితోనే పట్టుకోవాలి. లేచెళ్లి చూసేలోపు బట్ట పాడైపోతుంది."

మేనేజరు పెన్ను తీసి సంతకం పెట్టాడు. నాలుగు నెలలన్న మావయ్య మూడో నెలకే ఆమెను ఒంటరిగా పంపాడు.

జల్లెడమ్మకి మాత్రం మనసు కుదుటపడలేదు. మెకానిక్కు ఉద్యోగానికి వచ్చి, కంప్యూటరు తిప్పి పంపిన పాత దరఖాస్తులు రెండు వందల పదమూడు తేలాయి. అందరికీ మళ్లీ ఉత్తరం పంపితే క్షణంలో అయిపోయేది. ఆమె ఫోనందుకుంది.

మొదటి నంబరు మోగింది. ఆమె కంపెనీ పేరు చెప్పగానే అవతల మగగొంతు అనుమానంగా అడిగింది.

"మాట్లాడేది మిషనా, మనిషా?"

"మనిషినేనండీ."

"అయితే ఒక్క నిమిషం ఆగండి. చేతులకి గ్రీజుంది, తుడుచుకొస్తాను."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, తీరిగ్గా ఆగింది.