ఆగకుండా ఊగే గడ్డి

మూడో వరుస పలకల కింద ఎర్రిస్వామి మోకాళ్ల మీద జరుగుతూ గడ్డి కోస్తున్నాడు. బలసముద్రం సోలార్ ప్లాంటులో అతని పని అదే. గడ్డి పలక అంచు దాటితే నీడ పడుతుంది, నీడ పడితే కరెంటు తగ్గుతుంది. అందుకని జానెడు కూడా లేవనివ్వరు. మందు కొట్టినా చావని గడ్డినే కోస్తారు, కాబట్టి కోసింది ఏ గొర్రెకూ పనికిరాదు. అతనికి యాభై రెండేళ్లు. ముప్పై ఏళ్లు మంద వెనక నడిచిన కాళ్లు ఇప్పుడు మడత విప్పితే చాలు, పటుక్కుమంటాయి. ఎడమ చూపుడువేలి కొన కొడవలికి పోయింది. అయినా ప్రతి వరుస మొదట్లో ఆ కొడవలినే కళ్లకద్దుకుని, కులదేవుడు బీరప్పను తలచుకుంటాడు.

ఈరోజు దేవుడికి రెండు మాటలు ఎక్కువే చెప్పుకున్నాడు. తల్లి రంగక్క తుంటి విరిగి మంచాన పడి ఏడాదైంది. పడిన నెలలోనే, మేపడానికి బీడు లేక, అతను గొర్రెలన్నీ అమ్మేశాడు. ఆమెకు మాత్రం పక్కూరి తిప్పేశ్ మందలో కలిపానని, వంక గట్టున మేస్తున్నాయని చెప్పాడు. ఆమె రోజూ అడుగుతుంది, అతను రోజూ చెబుతాడు. వారం నుంచి ఆమె ముద్ద మింగడం లేదు. వంక గట్టున పచ్చిక ఒక్కసారి చూపించమని మాత్రం అడుగుతోంది. ఆ గట్టు కూడా పలకల కిందికే పోయింది.

ఫోనులో వీడియో చూపిస్తే ఒప్పుకోలేదు. ఆ పక్కకు తిప్పమంటుంది, అది తిరగదు. కూతురు రూప డిప్లొమా చదువుకని కొన్న కంప్యూటరులో ఒక ఆట ఉంది. అందులో పెద్ద బీడు, ఎటు నడిస్తే అటు గడ్డి. అదే వంక గట్టని చెప్పి చూపించారు. కానీ పాత యంత్రం ఆ బరువు మోయలేక బొమ్మను తునకలు తునకలుగా కదిలించింది. పొరలు కమ్మిన కళ్లతోనే రంగక్క పట్టేసింది.

"ఏందిరా ఇది, గాలి ఆగి ఆగి కొడతాదా?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం పని దిగగానే ఎర్రిస్వామి ఇంటికెళ్లి కంప్యూటరు పెట్టె తీశాడు. బొమ్మ బాగుచేయించుకొస్తానంటే రంగక్క తన కాళ్ల మీది కంబళిని తోసి, అందులో చుట్టుకు పొమ్మంది. ఈనిన చోటి నుంచి గొర్రెపిల్లల్ని ఇంటికి తెచ్చింది ఆ కంబళిలోనే. బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఉన్నిలోంచి ఏదో మణికట్టుకు గుచ్చుకుంది. ఎప్పటిదో గడ్డిముల్లు. పీకబోయి వదిలేశాడు.

వై.ఎన్.హొసకోటలో యోగీశ్‌కు కంప్యూటర్ల అంగడి ఉంది. అతను ఆట నడిపించి, తెర మూలన, సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చెప్పే అంకె చూపించాడు. అది అరవై దాటితే కంటికి ఆగినట్టుండదట. ఇప్పుడు పద్దెనిమిది దగ్గర కొట్టుకుంటోంది.

"స్వామన్నా, ఆటలో గడ్డి తీసేస్తే నీ పాత కార్డే సాలు. స్మూత్‌గా పోతాది. ఆటాడేవాళ్లంతా అదే సేస్తారు."

"గడ్డి కోసమే కదప్పా నేనొచ్చినాది."

యోగీశ్ నవ్వాడు. కత్తులడిగేవాళ్లను, తుపాకులడిగేవాళ్లను చూశాడు గానీ మేత అడిగేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నాడు. సరే, గడ్డి ఉండాలంటే పెద్ద తెర కూడా తీసుకో, పరక పరకా కనబడుతుందని సలహా ఇచ్చాడు.

"మా యమ్మకు పొరలు. పరక కనపడదు, కదిలేది కనపడతాది. తెర పాతదే సాలు. ఉన్న బలమంతా కదిలేదాంట్లో పెట్టు."

యోగీశ్ నవ్వు ఆపాడు. తెర చిన్నదైతే పని తేలికవుతుందని ఒప్పుకుని, బొమ్మల్ని కదిలించే, రెండు ఫ్యాన్లున్న గ్రాఫిక్స్ కార్డు తీశాడు. దానికి కరెంటు అందించే పెట్టె కూడా మార్చాలి. యోగీశ్ ముందు పెట్టిన అలాంటి రెండు పెట్టెల మీదా ఒకే వాట్ల అంకె రాసి ఉంది. ఎర్రిస్వామి గొర్రెపిల్లను పొట్టకింద పట్టి లేపినట్టు ఒక్కొక్కటీ అరచేత్తో లేపి చూశాడు. "ఇది డొల్ల," అని తేలికదాన్ని పక్కకు పెట్టాడు. నిజమేనని యోగీశ్ తలూపాడు. ప్లాంటుకిచ్చిన చేనికి గుత్త డబ్బు రాగానే మిగతాది ఇస్తానంటే సరేనన్నాడు.

అన్నీ బిగించాక అంకె అరవై రెండు దగ్గర నిలిచింది. తెరంతా గడ్డి ఒక్కసారిగా వంగి లేచింది. అంత గడ్డిని ఎర్రిస్వామి పెళ్లికి ముందు ఎప్పుడో చూశాడు.

తిరుగు బస్సులో అతనికి ఒకటే ఆలోచన. దేవుడికి కల్తీ నెయ్యితో దీపం పెట్టకూడదంటారు. తల్లికి లేని పచ్చిక చూపిస్తే ఆయన ఏ లెక్కలో వేసుకుంటాడు? ఆమె ఒక ముద్ద మింగితే ఆ తప్పు తన మీదే వేయమని మొక్కుకున్నాడు.

పొద్దు వాలుతుండగా పెట్టెకు కుంకుమ పెట్టి ఆన్ చేశారు. ఎర్రిస్వామి తల్లిని దిండుకు ఆనించి కంబళి కప్పాడు. రూప మౌసు పట్టుకుంది. గడ్డి ఊగింది. రంగక్క కళ్లు దానితోపాటు జరిగాయి. ఎడమకు పొమ్మంది, వెళ్లింది. పల్లంలోకి దించమంది, దిగింది. కోడలు మారెమ్మ అందించిన గంజి రెండు గుక్కలు తాగింది. ఎర్రిస్వామి గుమ్మం వైపు తిరిగి చేతులు జోడించాడు.

చాలాసేపటికి ఆమె పిలిచింది.

"ఎర్రీ."

"ఏమ్మా."

"మోకాటికి ఎక్కొచ్చినాదే గడ్డి. ఒక్క నోరన్నా తాకలేదే."

రూప చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడు అమ్మితివిరా?"

ముప్పై ఏళ్లు మందతో తిరిగినా, మంద మేసే గట్టున గడ్డి అంత లేవదని అతనికి తట్టలేదు. గడ్డి గురించే చూసుకున్నాడు.

"నువ్వు పడిన నెల్లోనేమ్మా."

"బీరప్పకు సెప్పి అమ్మినావా?"

"సెప్పినా."

"సరే పో."

రూప ఆపబోతే ఉండనిమ్మని చేత్తో సైగ చేసింది. తరవాత ఎటూ తిప్పమనలేదు. మారెమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, మళ్లీ గంజి తెచ్చి పెదవులకు ఆనిస్తే అది చెంప మీదుగా కారిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎర్రిస్వామి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఆ కళ్లు మూశాడు.

ఆమెను వసారాలోకి మోసుకెళ్లారు. యంత్రం ఆపాలని ఎవరికీ తోచలేదు. తెర మీద గడ్డి ఎక్కడా ఆగకుండా ఊగుతూనే ఉంది. ఆ వెలుగు మంచం మీద వదిలేసిన కంబళి దాకా వచ్చింది. దాని ఉన్నిలో, ఏ ఏటిదో, ఒక గడ్డిముల్లు గుచ్చుకుని ఉంది.