రోజలిన్ ఎక్కించిన కుట్లు

అనకాపల్లి గవరపాలెంలో, చర్చి పక్క వరండాలో రోజలిన్ మధ్యాహ్నాలు అల్లిక నేర్పేది. చింతపల్లి కొండల చలికి వెళ్ళే టీచర్లూ, లారీ డ్రైవర్లూ ఆమె దగ్గరే స్వెటర్లు అల్లించుకునేవారు. నేర్చుకునే ఆడపిల్లలకి మొదటి వారమంతా ఒకటే పని, బోర్డర్‌కి, అంటే స్వెటర్ కింది పట్టీకి, సూది మీద కుట్లు ఎక్కించడం.

“రెండు సూదులూ కలిపి అట్టుకుని ఎక్కించండి. అయ్యాక ఒక సూది లాగేయండి. అప్పుడు అంచు వదులుగా వత్తాది. అంచు బిగిసిపోయిందంటే, పైన ఒక కుట్టు ఎదర, ఒక కుట్టు తిరగ ఎంత బాగా అల్లినా బోర్డర్ సాగదు.”

క్లాసు మధ్యలో ఎవరైనా తెగిన చేత్తోనో పగిలిన తలతోనో వస్తే పిల్లలు జరిగి చోటిచ్చేవారు. రోజలిన్ గాయం అంచున ఊలు కుట్లు ఎక్కించి, నాలుగు వరసలు అల్లి, అవతలి అంచుకి కలిపేసేది. నెల తిరిగేసరికి ఊలు చర్మంలో కలిసిపోయేది, సన్నటి గీతలు మాత్రం మిగిలేవి. బెల్లం దిమ్మలు మోసేవాళ్ళలో సగం మంది ఒంటిమీద ఎక్కడో ఓ చోట బోర్డర్ ఉండేది. ఎంత బరువెత్తినా ఊడేది కాదు. ఆసుపత్రికి వెళితే పోలీసులు అడుగుతారు. రోజలిన్ ఊలు రంగు ఒక్కటే అడిగేది.

అందరికన్నా ఎక్కువసార్లు వచ్చింది ఆమె చెల్లెలు షెకీనా. ఉండేది మునగపాకలో. మొదటిసారి కనుబొమ తెగింది, రెండోసారి చెవి వెనక, మూడోసారి మోచేతి నుంచి మణికట్టు దాకా. ఆమె భర్త రూఫస్ చెరుకు కొట్టే పనికి వెళ్ళేవాడు. చేతికి ఏది అందితే దానితో కొట్టేవాడు. మూడోసారి రోజలిన్ చెల్లెల్ని వెనక్కి పంపలేదు. రెండో రోజు రూఫస్ వచ్చి తలుపు విరగ్గొట్టి, అడ్డొచ్చిన రోజలిన్ ముందు పళ్ళు రెండు రాలగొట్టి, పెళ్ళాన్ని జుట్టు పట్టుకుని తీసుకుపోయాడు.

రెండువేల ఐదు ఫిబ్రవరిలో, చెరుకు కొట్టే రోజుల్లో, వరండా ముందు ఆటో ఆగింది. డ్రైవర్ సన్యాసిరావు రూఫస్‌ని భుజాన వేసుకొచ్చి చాప మీద బోర్లా పడుకోబెట్టాడు. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వీపు తెరుచుకుని ఉంది. లోపల ఎముక కనిపిస్తోంది. వెనకాల షెకీనా వచ్చింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి, చీరంతా నెత్తురు.

“ఎవరు కొట్టేరు?” అంది రోజలిన్.

“నేనే అప్పా,” అంది షెకీనా అక్కతో. “నీళ్ళ డ్రమ్ములో నా తల ముంచేడు. మూడుసార్లు ముంచేడు. కిందపడ్డ బీడీ తీసుకోడానికి వంగేడు. కత్తి అక్కడే ఉంది.”

రోజలిన్ గాయం తుడుస్తూ, తలెత్తకుండానే అడిగింది.

“బతకాలా?”

షెకీనా తడి జుట్టు పిండి ముడేసుకుంది. “సచ్చిపోతే నన్ను జైల్లో పెడతారు. లెగిత్తే సంపెత్తాడు. నాకు తెలీదు అప్పా. నువ్వే సూడు.”

రోజలిన్ బూడిదరంగు ఊలు తీసింది. రెండు సూదులు చేతిలోకి తీసుకుని, కాసేపాగి, ఒకటి పక్కన పెట్టేసింది. మిగిలిన ఒక్క సూదితో, ప్రతి కుట్టునీ గుంజి ముడి బిగించి, తొంభయ్యారు కుట్లు ఎక్కించింది. సన్యాసిరావు రూఫస్ కాళ్ళ మీద కూర్చున్నాడు. కుట్టు కుట్టుకీ అతను అరిచాడు. ఊలు ఎర్రబడి ఆమె వేళ్ళకి అంటుకుపోతోంది.

నేర్చుకునే పిల్లల్లో కనకమహాలక్ష్మి మెల్లగా అంది, “టీచర్, అంచు బిగిసిపోతంది.”

“తెలుసు. నీ పని నువ్వు సూసుకో.”

రూఫస్ బతికాడు. గీతలు చక్కగా, సమంగా కుదిరాయి. చేతులు మాత్రం గుండెల దాకా లేచి ఆగిపోయేవి. చెరుకు మొదలు నరకగలడు, ట్రాక్టర్ మీదకి ఎత్తలేడు. అన్నం తినగలడు, తల దువ్వుకోలేడు. ఒంట్లో సత్తువ వచ్చిన రోజున దుడ్డుకర్ర తీశాడు. అది గుండెల దగ్గరే నిలిచిపోయింది. తన్నబోయి తూలి, చేతులు ఆన్చుకోలేక ముఖం మీద పడ్డాడు. షెకీనా పక్కకి జరిగి నిలబడింది.

మర్నాడు అతను అనకాపల్లి వచ్చాడు.

“వదినా, ఇది విప్పి వదులుగా ఎయ్యి.”

“విప్పితే మొదటి కుట్టు కాణ్ణించి విప్పాల. నెత్తురు కూడా అక్కణ్ణించే వత్తాది. కూకో, కత్తెర తెత్తాను,” అంది రోజలిన్, పళ్ళు లేని సందులోంచి మాట ఈలలా వస్తుంటే.

అతను కూర్చోలేదు.

రోజలిన్ ఈ సంగతి చర్చి ఫాదర్ దగ్గర, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు వెళ్ళి, లైన్లోంచి వెనక్కి వచ్చేసింది.

ఈస్టర్‌కి మునగపాక ప్రార్థన మందిరంలో పాట అందుకోగానే అందరూ చేతులు పైకెత్తారు. రూఫస్ చేతులు గుండెల దగ్గర ఆగాయి. ఆడవాళ్ళ వైపు చివర షెకీనా నిలబడి ఉంది. ఎవరి చెయ్యి లేచినా తలకి మోచెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆమెకి పెళ్ళైన ఎనిమిదేళ్ళుగా అలవాటు. ప్రార్థనలో కూడా కళ్ళు మూసేది కాదు.

ఆ ఉదయం చుట్టూ అన్ని చేతులు లేచి ఉండగా, పాట అయిపోయేదాకా ఆమె కళ్ళు మూసుకునే ఉంది.